పల్లపు ఊట నీరు మిట్టనున్న ఊరికి

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మన పెద్దల సామెత. పల్లమును వెదకుకొనుట నీటికి స్వభావము. కాని మనుష్యుడు తన ఇల్లు మిట్టపై కట్టుకొనును. వరదకు అందని చోట, గాలి వెలుతురు గల చోట, సేద్యమునకు అంతగా పనికిరాని రాతినేలపై ఊరు వెలయును. అందుచేత నీరొకచోట, ఊరొకచోట నుండుట కొండ ప్రాంతములలో సాధారణము. ఈ రెంటి నడుమ గల ఎత్తును నిత్యము నెత్తిన బిందెతో ఎక్కుచున్నవారు మన స్త్రీలు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు ప్రాంతములలో ఇట్టి ఊళ్లు గలవు. ఆ కొండలపై కురిసిన వాన నేలలోనికి ఇంకి, దిగువన రాతి సందులనుండి ఊటగా వెలువడి, గెడ్డగా మారి, పల్లపు వరి మడులను తడుపును. ఊరు పైన, ఊట క్రింద. ఊట నీటిని ఊరిలోని ట్యాంకునకు ఎక్కించుట ఎట్లు? అందుకు ముందుగా తెలిసికొనవలసిన దేమి? ఎక్కిన నీరు ఏళ్ల తరబడి నిలుచుటకు ఊరివారు చేయవలసిన దేమి? ఈ వ్యాసమందు వీనిని గూర్చి ముచ్చటింతము.

లెక్క కొరకు ఒక ఊరిని ఊహించుకొందము. అందు 22 ఇండ్లు, 110 మంది జనము. ఊట ఊరికంటె 21 మీటర్లు దిగువన గలదు. అనగా ఏడంతస్తుల మేడ అంత ఎత్తు. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ ప్రకారము పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలెను. ఐదుగురు గల ఇంటికి 275 లీటర్లు. 15 లీటర్ల బిందెతో మోసినచో 18 బిందెలకు పైమాట. ఒక్కొక్క బిందెకు 21 మీటర్ల చొప్పున ఇల్లాలు దినమునకు దాదాపు 380 మీటర్ల ఎత్తు, నిండు బిందెతో, ఎక్కవలసి యుండును. ఏ ఇల్లాలును అంత మోయలేదు. కావున ఆమె ఐదారు బిందెలు తెచ్చి, మిగిలిన నీటిని ఇంటి అవసరములనుండి కోసివేయును. పిల్లల స్నానము, చేతులు కడుగుకొనుట, పాత్రల శుభ్రత అందువలన కుంటుపడును. నీటి ఎత్తు కేవలము శ్రమకు సంబంధించిన విషయము కాదు, ఆరోగ్యమునకు సంబంధించిన విషయము కూడ.

మొదట కొలత, తరువాత కొనుగోలు

పంపును కొనుటకు ముందు ఊటను కొలువవలెను. దీనికి ఇంజనీరు వచ్చువరకు ఆగ నక్కరలేదు. ఒక బొక్కెన, ఒక గడియారము చాలును. ఊట నీటినంతను మట్టికట్టతో ఒకచోటికి చేర్చి, వెదురు దోనె ద్వారా గాని, గొట్టపు ముక్క ద్వారా గాని బొక్కెనలో పడునట్లు చేయవలెను. 15 లీటర్ల బొక్కెన నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టునో చూడవలెను. 15 సెకండ్లలో నిండిన యెడల నిమిషమునకు 60 లీటర్లు వచ్చుచున్నవని అర్థము. మూడుసార్లు కొలిచి సగటు తీసికొనుట మంచిది.

ఈ కొలతను శ్రావణ భాద్రపదములలో తీసికొని సంతోషించరాదు. వానకాలమున ప్రతి ఊటయు పొంగును. చైత్ర వైశాఖములలో, తొలకరికి ముందు, ఊట మిక్కిలి సన్నగిల్లిన దినములలో వచ్చు నీరే మన లెక్కకు ఆధారము. నెలకొకసారి కొలిచి, తేదీతో సహా బడి నోటుపుస్తకములో వ్రాసి యుంచిన ఊరికి, తరువాత ఏ అధికారి వచ్చినను చూపుటకు గట్టి ఆధార ముండును.

రెండవ కొలత ఎత్తు. మేస్త్రీలు గోడమట్టము చూచుటకు వాడు పారదర్శకమైన సన్నని గొట్టము దీనికి చాలును. గొట్టములో నీరు నింపినచో దాని రెండు కొనలందును నీటిమట్టము ఒక్కటిగా నుండును. ఒకరు దిగువన నిలువు కొలకఱ్ఱ ప్రక్కన ఒక కొనను పట్టుకొని, వేరొకరు ఎగువన రెండవ కొనను నేలమట్టమున నుంచి, నీటిమట్టము కఱ్ఱపై ఎంత ఎత్తున నున్నదో గుర్తింపవలెను. అచటినుండి మరల పైకి. ఇట్లు అంచెలంచెలుగా కొలిచి కూడినచో ఊటనుండి ట్యాంకు స్థలము వరకు గల ఎత్తు తెలియును. అదే విధముగా ఊటనుండి గెడ్డ వెంట క్రిందికి ఎంత వాలు గలదో కూడ కొలువవలెను. ఈ క్రింది వాలును కొలువ నేల అని కొందరికి తోచవచ్చును. దాని ప్రయోజనము ఇప్పుడే తెలియగలదు.

ఊరికి ఎగువన ఎక్కడైన మరియొక ఊట యున్నదేమో ముందుగా చూచుకొనుట మరువరాదు. అట్టి ఊట యున్నచో యంత్రముతో పనియే లేదు. గొట్టము వేసినచో నీరు తనంతట తానే దిగివచ్చును. దానికి మించిన సులభమార్గము వేరొకటి లేదు.

నీరే నీటిని ఎత్తు యంత్రము

ఎగువ ఊట లేని ఊళ్లకు ఒక పాత యంత్రము చక్కగా నుపయోగించును. దానిని హైడ్రాలిక్ ర్యామ్ అందురు. ర్యామ్ అనగా పొట్టేలు. దీనిని గూర్చి చెప్పినపుడు వినువారు మొదట అడుగు ప్రశ్న, "దీనికి కరెంటు ఎక్కడినుండి తెత్తురయ్యా?" అని. దీనికి కరెంటు వలదు, డీజిలు వలదు. ఎక్కువ నీరు కొంచెము దిగి, ఆ దిగుటలోని బలముతో కొంచెము నీటిని ఎక్కువ ఎత్తునకు పంపును. ఊట క్రింది వాలును కొలువుమని మేము చెప్పుటకు కారణ మిదియే.

ఇంగ్లాండులో జాన్ వైట్‌హర్స్ట్ అను గడియారముల నిపుణుడు 1772లో ఇట్టి యంత్రము నొకదానిని నిర్మించెను. కాని దాని కుళాయిని మనిషి చేతితో త్రిప్పుచుండవలసి వచ్చెను. 1783లో వేడిగాలి బెలూనును ఎగురవేసిన ఫ్రెంచి సోదరులలో ఒకడైన జోసెఫ్ మోంగోల్ఫియే 1796లో మనిషి సాయము లేకయే పనిచేయు ర్యామును తయారుచేసెను. రెండు శతాబ్దములు దాటినను ఆ కిటుకు నేటికిని అదియే.

పొట్టేలు ఢీకొనుటకు ముందు వెనుకకు తగ్గి, పరుగెత్తి, ఒక్కసారిగా తలతో తాకును. ఈ యంత్రములో నీరు చేయు పనియు నట్టిదే. ఊట నీరు ఒక దింపు గొట్టము ద్వారా క్రిందనున్న యంత్రములోనికి పరుగెత్తి వచ్చును. అచట నొక వాల్వు తెరచియుండును. నీరు దాని గుండ బయటికి పోవుచు వేగము పుంజుకొనును. వేగము హెచ్చినంతనే ఆ నీటి త్రోపుడుకు వాల్వు చప్పున మూసికొనిపోవును. పరుగెత్తుచున్న నీటికి హఠాత్తుగా దారి మూసికొనిపోయినచో ఏమగును? పట్టణములలో కుళాయిని ఒక్కసారిగా కట్టివేసినపుడు గొట్టములో 'ధన్' మను చప్పుడు వినియుందురు. ఆ దెబ్బయే ఇచట పనికి వచ్చును. ఆ ఒత్తిడికి రెండవ వాల్వు తెరచుకొని కొంత నీరు గాలి గదిలోనికి దూరును. గదిలోని గాలి స్ప్రింగువలె నణగి, మరల వ్యాకోచించుచు ఆ నీటిని ఎక్కించు గొట్టము ద్వారా పైకి నెట్టును. దెబ్బ బలము తగ్గగానే రెండవ వాల్వు మూసికొనును, మొదటి వాల్వు తన బరువుచేత తెరచుకొనును. నీరు మరల పరుగెత్తును. సామాన్యముగా నిమిషమునకు 40 నుండి 90 సార్లు ఈ పని జరుగుచుండును. పగలు రేయి, పండుగ పబ్బము అను భేదము దానికి లేదు.

ఎంత నీరు ఎక్కును?

ఇచట ఆశ కంటె లెక్క ముఖ్యము. ఊట నిమిషమునకు ఇచ్చు నీటిని దిగు ఎత్తుచే గుణించి, ఎక్కు ఎత్తుచే భాగించి, వచ్చినదానిలో నూటికి 60 వంతులు తీసికొనవలెను. మిగిలిన 40 వంతులు రాపిడిలో, చప్పుడులో పోవును.

మన ఊరి లెక్క చూతము. వేసవిలో ఊట ఇచ్చునది నిమిషమునకు 60 లీటర్లు. యంత్రమును ఊటకు 3 మీటర్లు దిగువన బిగించితిమి. ఊటకు 21 మీటర్ల పైన ట్యాంకు. కనుక యంత్రమునుండి ట్యాంకునకు 24 మీటర్లు. 60ని 3చే గుణించి 24చే భాగింపగా ఏడున్నర. దానిలో నూటికి 60 వంతులనగా నాలుగున్నర లీటర్లు. నిమిషమునకు నాలుగున్నర లీటర్లే గదా అని చప్పరింపరాదు. యంత్రము 24 గంటలును కొట్టుచుండును. దినమునకు 6,480 లీటర్లు ట్యాంకు చేరును. మన ఊరిలోని 110 మందికి 55 లీటర్ల చొప్పున కావలసినది 6,050 లీటర్లు. లెక్క సరిపోయినది. అయితే మిగులు స్వల్పము. పెండ్లి పేరంటములనాడు, ఊరు పెరిగిననాడు, పొదుపు తప్పదు.

ఈ లెక్కలో వేరొక సంగతి గమనింపదగినది. నిమిషమునకు 60 లీటర్లలో పైకి ఎక్కునది నాలుగున్నర లీటర్లే. మిగిలిన 55 లీటర్లకు పైగా నీరు యంత్రమునుండి వెలువడి గెడ్డలోనే కలియును. దిగువ మడులవారికి పోవు నష్టము స్వల్పము. కాని ఈ మాటను యంత్రము బిగించిన పిదప చెప్పుట వేరు, ముందుగా వారిని పిలిచి, బొక్కెనతో కొలిచి చూపి, వారి సమ్మతి పొందుట వేరు.

ఊటను కాపాడుట

ర్యాము ఏ నీటితో నడచునో ఆ నీటినే పైకి పంపును. కనుక త్రాగుటకు తగిన శుభ్రమైన నీరే అందులోనికి పోవలెను. ఊట కన్ను చుట్టును కంకర పేర్చి, రాతితో గాని సిమెంటుతో గాని చిన్న పెట్టెగోడ కట్టి, పైన మూత వేయవలెను. వాన నీరు పైనుండి వచ్చి కలియకుండ ఎగువన మళ్లింపు కాలువ త్రవ్వవలెను. పశువులు దిగకుండ కంచె కట్టవలెను. ఊటకు ఎగువ వాలులో మరుగుదొడ్లు గాని, పశువుల పాకలు గాని ఉండరాదు.

ఇచట తరచుగా జరుగు పొరపాటు ఒకటి గలదు. ఎక్కువ నీరు నిలువ చేయుదమని ఊట కన్ను మునుగునట్లు గోడ ఎత్తు పెంచుదురు. నీటి బరువుకు ఊట వేరొక సందును వెదకుకొని, వేరొక చోటికి తరలిపోవచ్చును. ఊట సహజముగా వెలువడు మట్టము కంటె నీటిని ఎత్తుగా నిలుపరాదు.

ఊట పుట్టునది పెట్టెగోడలో కాదు, పైనున్న కొండలో. ఆ కొండపై చెట్లుండిన వాన నిదానముగా నేలకు దిగి, ఇంకుటకు వ్యవధి దొరకును. కొండ బోడియైనచో వాన పరుగున పోవును, వేసవిలో ఊట సన్నగిల్లును. కాఫీ తోటలపై నీడకు పెంచు చెట్లు, వాలుకు అడ్డముగా త్రవ్విన కందకములు, ఇవన్నియు ఊటకు దాచి యుంచిన ధాన్యము వంటివి.

బిగింపు, ట్యాంకు

ఊట పెట్టెనుండి వచ్చు నీరు ఒక చిన్న తొట్టిలో నిలిచి, ఇసుక అడుగంటిన పిదప, జల్లెడ గుండ దింపు గొట్టములోనికి పోవలెను. గొట్టము మూతి ఎల్లప్పుడును జానెడు పైగా నీటిలో మునిగి యుండవలెను. లేనిచో గాలి పీల్చి యంత్రము ఆగును. దింపు గొట్టము ఇనుపదై, వంపులు లేక తిన్నగా నుండవలెను. ప్లాస్టిక్ గొట్టము దెబ్బకు సాగి, నీటి బలమును తానే మ్రింగివేయును. గొట్టము పొడవు దిగు ఎత్తునకు నాలుగు నుండి ఏడు రెట్లుండుట వాడుక. మన లెక్కలో 12 నుండి 21 మీటర్లు. దీనికి 50 మిల్లీమీటర్ల ఇనుప గొట్టము తగినది. పైకి పోవు గొట్టము 25 మిల్లీమీటర్లది చాలును. అది ప్లాస్టిక్ దైనను, ఎత్తునకు తగిన ఒత్తిడిని తట్టుకొను రకమై యుండవలెను. ఎండకు పెళుసు బారకుండ, గొర్రు తగులకుండ మట్టిలో పాతవలెను.

యంత్రమును సిమెంటు దిమ్మకు బోల్టులతో గట్టిగా బిగింపవలెను. నిత్యము వేల సంఖ్యలో దెబ్బలు తిను వస్తువు కదలినచో అతుకులు ఊడును. గెడ్డ పొంగినను మునుగని చోట దానిని నిలిపి, బయటికి వచ్చు నీరు పోవుటకు కాలువ ఏర్పరుపవలెను.

ట్యాంకు ఒక దినపు నీటికి తక్కువ కాకుండ, మూతతో, పొంగిపొరలు నీటికి గొట్టముతో, అడుగు కడుగుటకు వేరొక కుళాయితో నుండవలెను. పొర్లు నీరు బురద గుంటగా మారి దోమలకు నెలవు కారాదు. ఆ నీటిని కూరగాయల పాదులకు మళ్లించుట మేలు. ఊట నీరు తేటగా నున్నంత మాత్రమున నిర్దోషమని నమ్మరాదు. ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించి, ఆరోగ్య కార్యకర్తల సలహాపై క్లోరిను కలుపుచుండవలెను.

యంత్రము ఆగినపుడు

క్రొత్తగా నడిపించునపుడు బయటి వాల్వును చేతితో ఇరువది ముప్పది సార్లు నొక్కవలెను. పై గొట్టములో నీరు నిండినకొలది యంత్రము తానే అందుకొనును. తరువాత దానికి వచ్చు జబ్బులు కొద్దియే. చప్పుడు ఆగినచో వాల్వులో ఆకో, గులకరాయో చిక్కి యుండును, లేదా తొట్టిలో నీరు తగ్గి యుండును. చప్పుడు కరకుగా, ఇనుము ఇనుమును కొట్టినట్లు మారినచో గాలి గదిలో గాలి తరిగి నీరు నిండినదని అర్థము. ఒత్తిడిలోనున్న నీరు గాలిని కొంచెము కొంచెముగా కరగించుకొనిపోవును. అందుకే ప్రతి దెబ్బకు కొంచెము గాలిని పీల్చుటకు యంత్రమునకు సూదిమొన వంటి రంధ్ర ముండును. అది పూడినచో శుభ్రపరచి, గదిలోని నీటిని వదలివేసిన చాలును. రబ్బరు వాషరులు అరుగును. రెండు జతలు ముందుగానే కొని ఊరిలో నుంచుకొనవలెను. పది రూపాయల రబ్బరు దొరకనందున లక్షల పని మూలబడుట కంటె విచారకరమైనది లేదు.

ఇది తగని చోట్లు

ఈ యంత్రము అన్ని ఊళ్లకు సరిపడునని మేము చెప్పుట లేదు. ఊట దిగువన వాలు లేనిచో, వేసవిలో ఊట నిమిషమునకు కొన్ని లీటర్లకు తగ్గిపోవునట్లయితే, ర్యాము పనికిరాదు. అట్టిచోట సౌరశక్తితో నడచు పంపు ఉత్తమము. ఇచట ఒక వింత లెక్క గలదు. 6,480 లీటర్ల నీటిని 24 మీటర్లు ఎత్తుటకు వలయు శక్తి అర యూనిట్టు కరెంటు కంటె తక్కువ. పంపులో వ్యర్థమగు శక్తిని కలిపినను ఒకటి రెండు యూనిట్లు. ఇంత స్వల్పమైన శక్తి లేక ఒక ఊరి స్త్రీలు ఏళ్ల తరబడి కొండ ఎక్కుచుండుట మనమందరము ఆలోచింపవలసిన విషయము. సౌర పంపు ఊట నీటినంతను పైకి తోడగలదు. దానికి దింపు వాలుతో పనిలేదు. అయితే మబ్బు దినములలో దాని పని తగ్గును, మోటారు చెడినచో పట్టణమునకు పోవలసి వచ్చును. ర్యాములో చెడు భాగములు రెండు వాల్వులే. వానిని స్పానరు పట్టగల యువకుడో, యువతియో ఊరిలోనే సరిచేయవచ్చును. ఏ ఊరికి ఏది తగునో గ్రామీణ నీటి సరఫరా విభాగపు ఇంజనీర్లతో ఆలోచించి నిర్ణయించుకొనవలెను. మీరు వ్రాసి యుంచిన కొలతలు అప్పుడు చేతికి వచ్చును.

ఊరు ముందుగా నిర్ణయించుకొనవలసినవి

ట్యాంకు కట్టి, పంపు బిగించి, కొబ్బరికాయ కొట్టిన ఆరు మాసములకే మూలబడిన పనులు లేకపోలేదు. యంత్రములోని లోపముకంటె, ఇది ఎవరి బాధ్యత అను ప్రశ్నకు జవాబు లేకపోవుటయే తరచుగా అందుకు కారణము. షెడ్యూల్డు ప్రాంతములలో 1996 నాటి పెసా చట్టము చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీల చేతికి అప్పగించినది. గ్రామసభకు ఆ ప్రాంతములలో గట్టి స్థానము గలదు. కనుక ఈ విషయములు అచటనే తేలవలెను.

మొదటిది, దిగువ మడుల రైతుల సమ్మతి. రెండవది, పనివారి నియామకము. ఇద్దరికి పని నేర్పవలెను, వారిలో ఒకరు స్త్రీయై యుండుట మేలు. నీరు ఆగిన దినమున ఆ కష్టము ముందుగా తెలియునది ఆమెకే. మూడవది, నెలవారీ చందా. ఎంత చిన్న మొత్తమైనను తప్పక వసూలు చేసి, లెక్కను గ్రామసభలో చదువవలెను. నాలుగవది, సమాన పంపకము. ట్యాంకునకు దిగువనున్న మొదటి కుళాయి వద్ద ధార జోరుగా నుండును, చివరి ఇంటి వద్ద సన్నగిల్లును. చివరి కుళాయి వద్ద బిందె నిండుచున్నదా లేదా అనుటయే ఊరి పథకమునకు సరియైన పరీక్ష.

ఈ పనికి తొలి అడుగు ఖర్చుతో కూడినది కాదు. రాబోవు వేసవిలో ఒక ఉదయమున ఊరి పెద్దలు, యువకులు, నీరు మోయు స్త్రీలు కలిసి బొక్కెనతో ఊట వద్దకు పోవలెను. ఎన్ని సెకండ్లలో నిండినదో కొలిచి వ్రాసికొనవలెను. ఆ కాగితముతో పంచాయతీకి, అధికారులకు నివేదించుకొన్నచో మీ కోరిక వట్టి విన్నపముగా గాక, లెక్కతో కూడిన పథకముగా నిలుచును. అట్టి కాగితములు ప్రతి కొండ ఊరినుండి రాగలవని ఆశించుచున్నాము.